నాయనను ఉంచిన వార్డు

చిరంజీవి శశికి అమ్మ దీవెనలు. నేను బాగున్నాను, గొర్రెలూ బాగున్నాయి. అవ్వ సంగతి కింద రాస్తాను. తొందరపడి చివరికి పోకుండా వరసగా చదువు.

మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి నీ ఉత్తరం కోసమే ఎదురుచూశాను. తెల్లచెవుల గొర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండు పిల్లలు. కార్తీకం వానలకు గొర్రెలకని దాచిన చెనక్కాయ కట్టె తడిసి కుళ్లిపోయింది, ఎండుమేతకు ఇబ్బందిగా ఉంది. ఇంటికి ఎవరెవరు వస్తున్నారని కూడా అడిగావు. ఎవరూ రారు శశీ. మీ నాయన పోయినప్పుడు కరోనా ఇల్లని మానుకున్నవాళ్లు మళ్లీ అలవాటు చేసుకోలేదు. గొర్రెలను తోలుకుపోతూ వాటితోనే మాట్లాడుతున్నాను.

అవ్వకు మళ్లీ కరోనా వచ్చిందని నేను రాసింది చదివి, ఆమెను ఆసుపత్రికి పంపొద్దని రాశావు. ‘ఇంట్లో ఉన్న అవ్వ బతికింది, ఆసుపత్రికి పోయిన నాయన చచ్చిపోయినాడు కదమ్మా’ అన్నావు. 

పోయిన ఎండాకాలం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. అవ్వకు జ్వరం, దగ్గు ఉన్నా ఊపిరి బాగానే ఆడేది. మీ నాయన నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడేవాడు, పెదాలు నల్లబడ్డాయి. మన ఊరి నర్సమ్మ లక్ష్మీదేవమ్మ ఆయన వేలికి ఆక్సిజన్ చూసే మిషను పెట్టి, “ఓబిలేషుది ఇంట్లో చూసుకునే రోగం కాదు జయంతీ, ఇప్పుడే ఆసుపత్రికి తోలు” అంది. ఆయన గడప పట్టుకుని, “నేను యాడికీ పోను, ఈడనే ఉంటా” అన్నాడు. ఆ చెయ్యి విడిపించి ఆంబులెన్సు ఎక్కించింది నేనే. ఇల్లు అవ్వను కాపాడలేదు, ఆసుపత్రి మీ నాయనను చంపలేదు. ఆమె రోగం చిన్నది, ఆయనది పెద్దది. అంతే శశీ.

నిద్రలోనే పోయాడని నీకు చెప్పాను. అది నిజం కాదు. పోయే ముందురోజు ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి ఇస్తే మాట్లాడాడు. “నన్ను ఇంటికి పిల్చుకపో జయంతీ. ఈడ అందరూ ఉండారు, మనోళ్లు ఒక్కరూ లేరు” అన్నాడు. రేపు వస్తానన్నాను. ఆసుపత్రి గేటు బయటే నిలబడి ఉన్నానని కూడా చెప్పలేకపోయాను. నీకు అప్పుడు ఈ మాట మోసే వయసు లేదనుకున్నాను. ఇప్పుడూ లేదేమో. కానీ ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

ఇంకొకటి. గొర్రెలను లక్ష్మీదేవమ్మకు అప్పజెప్పి అవ్వను అనంతపురం తీసుకొచ్చాను. ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఈసారి ఆయాసం ఆమెకు వచ్చింది. బోర్లా పడుకోబెట్టాను, మాత్రలు వేశాను. వేలి మిషనులో అంకె దిగిపోతూనే ఉంది. “నా కొడుకు పోయిన తావుకు నన్నూ తోల్తావా?” అని అరిచింది.

“తోలేది కాదత్తా, నేనూ వస్తాండా” అన్నాను.

ఇప్పుడు అప్పటంత రద్దీ లేదు. నర్సు ప్రశాంతి నన్ను లోపలికి రానిచ్చింది. “మాస్కు తీయొద్దక్కా. ముసలామె పక్కనే ఉండు, భయపడతాంది” అంది. ముక్కుకు గొట్టం పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. సూదులు వేశారు. నేను కాళ్లు పట్టాను, గంజి తాగించాను. ఈ పొద్దు ఆక్సిజన్ తగ్గించారు. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ధైర్యంగా చదువుకో.

పొద్దున కళ్లు తెరిచి వార్డంతా చూసింది. “ఓబిలేషును ఈ మంచం మీదనే పండబెట్నారా?” అని అడిగింది.

“తెలీదత్తా. నన్ను లోపలికి రానీలేదు.”

 అవ్వ గోడవైపు కొంచెం జరిగి, మంచం మీద నాకు చోటు చేసి, “కూచో” అంది.

ఇట్లు,
అవ్వ పక్కనే ఉన్న
మీ అమ్మ జయంతి