మీరు కొలిచింది మా పండగ బట్టలను

మీటరు తెచ్చిన మేడం గారికి,

శుక్రవారం మీరు పటాన్‌చెరులో మా చర్చి హాలుకొచ్చి నూట పన్నెండు మందిని కొలిచారు. ఎవరికీ రేడియోధార్మిక ధూళి అంటలేదని చెప్పి వెళ్లారు. ఆ ఫలితాన్ని నమ్మవద్దని మనవి. తప్పు మీ మీటరుది కాదు, మా పాస్టరుగారిది.

ముందురోజు ఆయన మైకులో, "రేపు సర్కారోళ్లు మిషన్ తెస్తున్నరు. అందరు మంచిగ తానం చేసి, ఉతికిన బట్టలేసుకొని రాండ్రి. మన ఇజ్జత్ తియ్యకుండ్రి" అన్నారు. అందుకే తుక్కు కరిగించే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లంతా తలంటుకుని, క్రిస్మస్ చొక్కాలేసుకుని మీ ముందు నిలబడ్డారు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు. మా నానమ్మ లీలమ్మ పౌడరు కూడా రాసుకుంది. తన దగ్గర మీటరు మోగకపోయేసరికి, "సూసినవా, మనం ఎంత నీటుగున్నమో" అని నన్ను మోచేత్తో పొడిచింది.

తుక్కులో వచ్చిన ఆ రేడియోధార్మిక ముక్క కరిగిన రోజున మా నాన్న దేవదానం వేసుకున్న ప్యాంటును మాత్రం ఎవరూ కొలవలేదు. దాన్ని అమ్మ దులిపిన చోటే పది నెలల మా చెల్లి ఎల్సీ పాకుతుంది.

దయచేసి ఈసారి ఎవరికీ చెప్పకుండా రండి. ముందు మా చెల్లిని కొలవండి. ప్యాంటును కవర్లో కట్టి ఇంటి వెనక పాత డ్రమ్ములో దాచాను. "నా డ్యూటీ ప్యాంటు ఏడ పెట్టిన్రు?" అని నాన్న రోజూ అడుగుతున్నాడు. అమ్మ ఇల్లంతా వెతుకుతోంది. దొరికిందంటే, మీరు మళ్లీ వస్తారేమోనని శుభ్రంగా ఉతికేస్తుంది.

ఇట్లు,
దేవదానం పెద్ద కూతురు