కుడి టైరు ఒక్కటే ఎందుకరిగింది?

టైర్ల కొట్టు బామ్మర్దికి మీ బావ రాస్తున్నది,

ఉత్తరం మొదట్లో ఇక్కడంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలంటారు. నేను రాయను. ఇక్కడ క్షేమం లేదు. నీ టైర్ల వల్ల పోయింది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేయను. పోయినసారి ఫోన్లో "చూద్దాంలే బావా" అని పెట్టేశావు. అదే కాగితం మీద రాయాలంటే నీకే సిగ్గేస్తుంది. అందుకే ఉత్తరం.

సంగతి ఇదీ. ఐదు నెలల కిందట మా కారుకి నాలుగు కొత్త టైర్లు వేశావు. ఇప్పుడు చూస్తే ముందు కుడి టైరు బయటి అంచు గుండులా నున్నబడిపోయింది. లోపలి అంచుకి మాత్రం కొత్తలో ఉండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకే టైరు, ఒక పక్క ముసలిది, ఒక పక్క పసిది! నా జన్మలో చూడలేదు. పైగా బండి నలభై దాటితే గూఁ అని ఒకటే మోత. యాభై దాటితే ఏడుపు. అరవైలో ఏం చేస్తుందో తెలీదు, మీ అక్క అంత వేగం పోనివ్వదు.

దీనికి మా అమ్మాయి, నీ ముద్దుల మేనకోడలు, ఏమంటుందో తెలుసా? "నాన్నా, మీరు పేవ్‌మెంట్ అంచులకి రాసుకుంటూ పోతున్నారు. వయసైపోయింది. తాళం ఇచ్చేయండి." ఎవరితో అంటోంది? ముప్ఫై ఎనిమిదేళ్లు లారీ తోలి, దాని ఒంటి మీద గీత పడనివ్వని మనిషితో! ఆసుపత్రిలో నర్సు కదా, ఇంటికొచ్చినా దానికి అందరూ రోగుల్లాగే కనపడతారు. ఆఖరికి నెలాఖరు దాకా గడువిచ్చింది. తప్పు టైరుదేనని కొట్టు నుంచి కాగితం తెస్తే తాళం నా దగ్గరే. తేకపోతే కారు అమ్మేస్తుందట.

కారు పోతే మీ అక్క పని పోయినట్టే. ఆవిడ కుట్టిన కర్టెన్ల మూటలు వారానికి రెండుసార్లు దుకాణాలకి చేర్చేది ఆ కారే. కాబట్టి నాన్చకుండా రాసి పంపు. "టైరు చెడ్డది, బావ మంచివాడు." రెండే ముక్కలు. నా చదువుకి అంత రాశాను, నీ చదువుకి ఆ మాత్రం రాయలేవా?

ఇట్లు,
కోపంగా ఉన్న మీ బావ

తా.క.: మీ అక్క నిన్ను అడిగానని రాయమంది. ఇది తిట్ల ఉత్తరమని ఆవిడకి తెలీదు. అందుకని రాస్తున్నా: ఆవిడ అడిగింది. నేను అడగలేదు.

*

బావగారికి బామ్మర్ది నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. కొట్లో పనివాళ్లకి చదివి వినిపించాను. మీ గొంతు విన్నట్టే ఉందని అందరూ లేచి నిలబడ్డారు.

బావా, ఆ రకం టైర్లే ఆ వారంలో ఇంకో ఐదు బండ్లకి వేశాను. ఒక్కరూ రాలేదు. చూడకుండా టైరు చెడ్డదని సంతకం పెడితే రేపు నా కొట్టు మెట్టెవరూ ఎక్కరు. ముందు మీరు రెండు పనులు చేయండి.

ఒకటి, టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. బయట నుంచి లోపలికి ఒకసారి, లోపల నుంచి బయటికి ఒకసారి. ఒక దారిలో నున్నగా, తిరుగు దారిలో రంపం పళ్లలా తగిలితే చక్రాలు వంకరగా నడుస్తున్నట్టు.

రెండు, ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి. మోత కూడా వెనక్కి పోతే అది టైరుది. ముందే ఉండిపోతే లోపల బేరింగుది. ఏది తేలినా వెంటనే రాయండి.

ఇట్లు,
మీ విధేయుడైన బామ్మర్ది

తా.క.: టైర్లలో గాలి మీటరు పెట్టి చూడండి. కాలితో తన్ని చూస్తే లారీకి తెలిసేదేమో గానీ కారుకి తెలీదు.

*

విధేయుడినని రాసుకున్న బామ్మర్దికి,

విధేయుడైతే అడిగిన కాగితం పంపేవాడివి. సరే, నువ్వు చెప్పినవన్నీ చేశాను. చేయలేదని అనిపించుకోకూడదని చేశాను.

వీధిలో గొంతుక్కూర్చుని టైరు నిమిరాను. ఒకటి నిమిరితే మిగతావి ఏం పాపం చేశాయని నాలుగూ నిమిరాను. ఎదురింటి రిటైరైన మాస్టారు గేటు దగ్గర నిలబడి, "ఏమండీ, దానికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. నా పరువు అలా పోయింది. రాసుకో, అదీ నీ ఖాతాలోనే. రంపం లేదు, పళ్లు లేవు. అటూ నున్నన, ఇటూ నున్నన.

తర్వాత జాకీ వేసి చక్రాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను. ఒక్కడినే. ఈ వయసులో. అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే ఉంది, వయసైపోయిందన్న నోరు ఒక్కసారీ పెగల్లేదు.

మోత ఎక్కడుందో వినడానికి వెనక సీట్లో ఎవరైనా కూర్చోవాలి కదా. మీ అక్కని కూర్చోమన్నాను. ముందు సీటు దిగనంటే దిగనంది. ఐదు నిమిషాలే అన్నా వినలేదు. చివరికి మాస్టారినే ఎక్కించాను. రెండు వీధులు దాటగానే ఆయన చెవులు మూసుకుని, "ఇక్కడే, ఇక్కడే, నా కిందే!" అని అరిచాడు.

అంటే మోత వెనక్కి వెళ్లిపోయింది. నేను కూర్చునేది ముందు. వెనక జరిగేదానికి నాకేంటి సంబంధం? నా నిర్దోషిత్వం ఇంతకంటే ఎలా రుజువవుతుంది? మోత టైరుదేనని నీ నోటితో నువ్వే అన్నావు కూడా. ఇక కాగితం రాయి.

నమ్మకపోతే బుధవారం బండి తెస్తాను, చక్రాల వరస చూసే నీ మిషను మీదే పెట్టి చూసుకో. నీతో మాట్లాడను గానీ తెస్తాను.

ఇట్లు,
రుజువైపోయిన మీ బావ

తా.క.: ఆ మోత అచ్చం విమానంలా ఉందని మాస్టారు వీధి వీధంతా చెబుతున్నాడు. ఆయన విమానం ఎక్కింది లేదు.

*

బావగారికి నమస్కారాలు.

బుధవారం మీరు వచ్చారు. అన్న మాట ప్రకారం మాట్లాడలేదు. అక్క నాతో కబుర్లాడుతుంటే మీరు కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని గంటన్నర కూర్చున్నారు. టీ ఇస్తే తాగారు, గ్లాసు మాత్రం పనివాడికిచ్చారు, నాకివ్వలేదు. అందుకని చెప్పాల్సింది ఉత్తరంలోనే చెబుతున్నాను.

మిషను మీద చూశాను. చక్రాల వరస తిన్నగా ఉంది. బేరింగులు బాగున్నాయి. గాలి సరిపడా ఉంది. అంచులకి రాసుకున్న గుర్తు ఒక్కటీ లేదు, ఆ మాట మేనకోడలికి కూడా చెప్పాను. మోత టైరుదే. కానీ బావా, టైరు పుట్టుకతో చెడ్డది కాదు. మనం అరగదీస్తే అలా తయారైంది.

కుడి టైర్లకి బయటి అంచే ఎందుకరుగుతుంది? బండి ఎడమకి తిరిగినప్పుడల్లా బరువంతా కుడి టైరు బయటి అంచు మీద పడుతుంది. ఎడమకీ కుడికీ సమానంగా తిరిగే బండికి రెండు పక్కలా సమానంగా అరుగుతుంది. మీ బండి ఎడమ టైర్లు కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. ఇదేమిటా అని ఆలోచిస్తూనే గుమ్మంలో నిలబడి మిమ్మల్ని సాగనంపాను.

మా వీధి చివర కూడలిలో మీ ఇంటికి కుడికి తిరగాలి. మీరు తిరగలేదు. తిన్నగా దాటిపోయారు. దారి మర్చిపోయారేమోనని కంగారుపడ్డాను. కాసేపటికి ఎడమ చేతి రోడ్డులోంచి మళ్లీ అదే కూడలికొచ్చి, దాన్ని అడ్డంగా దాటి మీ ఇంటి దారి పట్టారు. ఒక్క కుడి మలుపు తప్పించుకోవడానికి మూడు ఎడమ మలుపులు తిరిగారు బావా!

అడక్కుండా ఉండలేను. మీ కుడి కన్ను ఆనడం లేదా? కుడికి తిరగాలంటే ఎదురొచ్చే బండ్లు చూసుకోవాలి. అందుకేనా ఈ ప్రదక్షిణలు? దాచకండి. పక్కన మా అక్క కూర్చుంటుంది.

ఇట్లు,
మీ బామ్మర్ది

తా.క.: మేనకోడలు నిన్న ఫోన్ చేసి సూటిగా అడిగింది. నాకు అబద్ధం ఆడటం రాదని మీకు తెలుసు. క్షమించండి.

*

ఇంటి గుట్టు రట్టు చేసినవాడికి,

బామ్మర్ది అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను అడిగింది టైరు సంగతి చూడమని. నా కళ్లు చూడమన్నానా? టైర్ల కొట్టు వదిలేసి కళ్లజోళ్ల కొట్టు ఎప్పుడు పెట్టావు?

నీ ఫోను అయిన పావుగంటలో అమ్మాయి వచ్చి మేకుకి వేలాడుతున్న తాళం తీసి చేతిసంచిలో వేసుకుంది. రోగి దగ్గర్నుంచి కత్తెర లాక్కున్నట్టు లాక్కుంది. మర్నాడు మీ అక్క కర్టెన్ల మూట బస్సులో వేసుకుని వెళ్లింది. నేనూ వెళ్లాను. సీటు లేదు. మూట జారి పక్కాయన కాళ్ల మీద పడితే, ఇంటి సామానంతా బస్సులోనే సర్దుతారా అని ఆయన కసిరాడు. మీ అక్క మూట దగ్గరికి లాక్కుంది. దుకాణంలో లెక్కప్పగించి తిరిగొచ్చేటప్పుడు, "ఇక వారానికి ఒక్కసారి చాల్లెండి, ఆర్డర్లు తగ్గిస్తాను" అంది. ముప్ఫై ఏళ్లుగా ఆ కుట్టు మిషను మీద పనిచేస్తున్న మనిషి నోటి నుంచి ఆ మాట వినిపించావు. సంతోషమేనా?

నేరుగా కళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన రాసిచ్చిన కాగితం దీంతో పంపుతున్నాను. చదువుకో. రెండు కళ్లూ బాగున్నాయి. గోడ మీది అక్షరాల్లో ఆఖరి వరస కూడా చదివాను. అక్షరాలు కూడబలుక్కుని చదివాను, అది చూపు తప్పు కాదు, చదువు తప్పు. చాలండీ అని డాక్టరే ఆపాడు.

ఇకపోతే నేను ఎడమకే ఎందుకు తిరుగుతానంటావా? నా ఇష్టం. నా బండి, నా స్టీరింగు, నా పెట్రోలు. కారణం నీకు చెప్పను, అమ్మాయికి చెప్పను, జడ్జి అడిగినా చెప్పను.

ఇట్లు,
కళ్లున్న మీ బావ

తా.క.: డాక్టరు కాగితం తిరిగి పంపించు. ఫ్రేము కట్టించి మేకుకి, తాళం ఉన్న చోట తగిలిస్తాను.

*

బావగారికి,

కాగితం చదివాను. తప్పైపోయింది, రెండు చెంపలూ వాయించుకున్నాను. మేనకోడలికి కూడా చదివి వినిపించాను. దాని మాట ఒక్కటే: "కళ్లు బాగుంటే సంతోషమే మామయ్యా. మరి కుడికి ఎందుకు తిరగరో చెప్పమను, ఆ నిమిషంలో తాళం ఇచ్చేస్తాను. కారణం లేకుండా గుండ్రంగా తిరిగే మనిషి చేతికి బండి ఎలా ఇస్తాను?"

నెలాఖరు ఆదివారమే. కారు చూసుకోవడానికి ఎవరో వస్తున్నారట. అక్క కోసమైనా చెప్పండి బావా.

ఇట్లు,
మీ బామ్మర్ది

తా.క.: కాగితం తిరిగి పంపుతున్నాను. మడత పడలేదు, చూసుకోండి.

*

బామ్మర్దికి,

ఆదివారం అయిపోయింది. ఇది సోమవారం రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, ఈసారి నీ మీద మాత్రం కాదు.

కారు కొనేవాడు వచ్చాడు. బానెట్ తెరిచి చూస్తున్నాడు. అమ్మాయి నన్ను హాల్లో నిలబెట్టి ఆఖరిసారి అడిగింది. నేను గోడ వైపు చూశాను. ఎందుకంటే ఒట్టేశాను. మీ అక్కే లోపలి నుంచి గుడ్డముక్క చేత్తో పట్టుకుని వచ్చి, "ఆయన్ని నిలదీయకు. నా భుజం వల్లే" అనేసింది.

ఇక దాచేదేముంది. పోయినేడు మీ అక్క ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. అమ్మాయికి తెలిస్తే ఆసుపత్రిలో పడేసి మిషనుకి తాళం వేస్తుందని భయం. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకుంది. ఇక కార్లో ఆవిడ కూర్చునేది నా ఎడమ పక్కన. కుడికి తిప్పితే మనిషి తలుపు వైపు ఒరుగుతుంది, ఆ భుజం పోయి తలుపుకి తగులుతుంది. అరవదు, పెదవి కొరుక్కుంటుంది. అదొకసారి చూశాను. ఎడమకి తిప్పితే నా వైపు ఒరుగుతుంది. నా భుజం మెత్తగానే ఉంటుంది. అంతే, ఆ రోజు నుంచి కుడి మలుపు మానేశాను. ఆవిడ లేకుండా నేను ఎక్కడికీ పోను కనక బండి కూడా కుడికి తిరగడం మర్చిపోయింది. ఆవిడతో ఈ సంగతి ఎప్పుడూ అనలేదు. ఇలాంటివి అనుకుంటారా?

అమ్మాయి ముఖం చూడాల్సింది. కొనేవాడిని పంపేసింది. వెంటనే నర్సు అయిపోయింది. "అమ్మా, చెయ్యి ఎత్తు" అంది. మీ అక్క ఎత్తింది. చెవిని దాటి, తలని దాటి, జెండా కర్రలా తిన్నగా పైకి పోయింది ఆ చెయ్యి! చిన్న మూలుగైనా లేదు.

"ఎప్పుడు తగ్గిందమ్మా?"

"ఏడు నెలలైంది."

ఏడు నెలలు! నీ టైర్లు వేసి ఐదు నెలలు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. టైర్లు వేయకముందే నొప్పి పోయిందిరా! నేను వీధుల చుట్టూ వీధులు తిరిగాను, వీధిలో టైర్లు నిమిరాను, బస్సులో నిలబడ్డాను, గుడ్డివాడిననిపించుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

"నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొద్దూ?" అని కేకేశాను.

మీ అక్క గుడ్డముక్కకి ఉన్న దారం తెంపుకుంటూ, తల ఎత్తకుండా, "చెబితే మీరు కుడికి తిప్పేస్తారుగా" అంది.

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. తాళం బల్ల మీద ఉంది, ఎప్పుడు పెట్టిందో చూడలేదు.

కాగితం ఇక రాయనక్కర్లేదు. తప్పు టైరుది కాదు. ఎవరిదో నేను చెప్పను, ఎంతైనా మీ అక్క.

ఇట్లు,
మీ బావ

తా.క.: కొత్త టైర్లు కావాలి. కుడి పక్కకి బాగా గట్టివి చూసి పంపు. ఎడమ పక్క ఉన్నవి ఇంకో పదేళ్లు వస్తాయి.