తమ్ముడు పంపిన దుంప

కీర్తిశేషులు హబీబ్ సాసీన్ గారి భార్య వర్దే అనే నేను, లెబనాన్ దేశం బత్రూన్ కొండల్లోని కఫర్ జౌజ్ గ్రామంలో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. స్థిరబుద్ధితో ఉన్నానని రాయాలట, రాయించాను. మేం మరియమ్మ సాంబ్రాణి అని పిలుచుకునే దుంపపూల కుండీల దగ్గర మాత్రం నా బుద్ధి ఏనాడూ ఒకచోట నిలవలేదు. అదీ రాయమన్నాను. దీన్ని అమలుచేసే బాధ్యత మా ఫాదర్ బూలోస్ గారిది.

1. ఇల్లూ ఆలివ్ తోటా నా కొడుకు ఎల్యాస్‌కు సర్వహక్కులతో చెందుతాయి. చెట్లు కొట్టడానికి మాత్రం వీల్లేదు.

2. కాఫీ మర, నల్ల ఉన్ని శాలువా మా అక్క ఒలింప్‌కు. శాలువా ఆవిడదే. అమ్మ పోయినప్పుడు నేను కప్పుకుని తిరిగివ్వలేదు. అడిగితే నాతో మాట్లాడాల్సి వస్తుందని ఆవిడా అడగలేదు.

3. పెరటి కుండీల సంగతి. మా తమ్ముడు నౌఫల్ లారీ నడిపేవాడు. యుద్ధం రోజుల్లో ఉల్లిపాయల లోడుతో వెళ్లి మళ్లీ రాలేదు. వాడు వెళ్లిన వారానికి ముక్కూమొహం తెలియని డ్రైవరొకడు మా తమ్ముడి జేబురుమాల్లో కట్టిన దుంప నా చేతిలో పెట్టాడు. "దీని పువ్వు మన కొండ పువ్వుకంటే ఘాటుగా ఉంటుందట, పెంచమన్నాడు" అని చెప్పి, ఇంజనైనా ఆపకుండా పోయాడు. ఎక్కడిదో చెప్పలేదు.

ఈ ఆకు మీది వెండిమచ్చ ఒక్కో కొండ వైపు ఒక్కో తీరుగా ఉంటుంది. వాడు ఎక్కణ్ణుంచి పంపాడో ఆకే చెబుతుందని, ఎవరు ఏ ఊరు వెళ్లినా దుంప తెమ్మని ప్రాణం తీశాను. తెచ్చినవన్నీ పెంచి, తమ్ముడి దుంప పక్కన పెట్టి పోల్చాను. ఒక ఏడు ఇది ఉత్తరాన అక్కార్ ఆకే అని ఒట్టేసేదాన్ని, మరుసటేడు దక్షిణాన సైదా ఆకే అనేదాన్ని. ఈలోగా చీమలు ఒక కుండీ విత్తనాలు ఇంకో కుండీలోకి మోసేశాయి. ఇప్పుడు ఏ కుండీలో ఏ ఊరుందో ఆ మరియమ్మకే తెలియాలి. తమ్ముడిది మాత్రం నీలం నూనె డబ్బాలో, కిటికీ మీద విడిగా ఉంది.

అక్క మాత్రం వాడు ఉత్తరానికే వెళ్లి అక్కడే పోయాడని తేల్చేసి, అక్కడి చర్చి గోడకు వాడి పేరుతో పాలరాయి పెట్టించింది. "ఆకులు చూసి మనుషుల్ని వెతుకుతావుటే?" అంది. ఆ రోజునుంచి మాకు మాటల్లేవు.

4. నా కోడలు నుహాద్‌ది దక్షిణాన ఐన్ మర్జీ అనే ఊరు. మేం ఈ పువ్వులు మరియమ్మ పటానికి పెడతాం, వాళ్లు ఆకులు వండుకుంటారు. పోయిన డిసెంబరులో మరియమ్మ పండుగకు నేను పూజకు వెళ్లొచ్చేసరికి కుండీలన్నీ బోడిగా ఉన్నాయి. నన్ను సంతోషపెట్టాలని, ఆకుల్లో బియ్యం, కైమా చుట్టి ఉడికించిందట పిచ్చితల్లి. నోటికొచ్చినట్టు తిట్టాను. "తిట్టండి అత్తయ్యా. కానీ నీలం డబ్బాలోవి మా ఊరి నీటి ఊట వెనకాల ఆకులే. చిన్నప్పట్నించీ చుట్టినదాన్ని, నా చేతికి తెలీదా?" అంది.

నిజమే చెప్పిందో, తిట్లు తప్పించుకోవాలనుకుందో, నా మీద జాలిపడిందో నాకు అర్థం కాలేదు. ఆ ఊరు ఒక పూట ప్రయాణం. అయినా వెళ్లలేదు. ఆకులు కలవకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. కలిస్తే వాడి దారి అక్కడే ఆగిందని తేలుతుంది, ఇక వాడికోసం ఎదురుచూడక్కర్లేదు. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

5. కాబట్టి నా తదనంతరం నీలం డబ్బా నుహాద్‌కు చెందుతుంది. దాన్ని వాళ్ల ఊట దగ్గరకు తీసుకెళ్లి పోల్చాలి. కలిస్తే తమ్ముడి పేరు చెప్పి అక్కడే నాటాలి. కలవకపోతే అక్క పెట్టించిన పాలరాయి కింద నాటాలి, నేను అక్క మాటే ఒప్పుకున్నట్టు. నుహాద్ వెంట అక్క కూడా వెళ్లి తీరాలి. మిగతా కుండీలు ఎవరికి కావలిస్తే వాళ్లకు.

6. ఇంతవరకు చదివి వినిపించి ఫాదర్ గారు, "మీరు పోయాక, చూసొచ్చి వాళ్లు ఎవరికి చెప్పాలమ్మా?" అన్నారు. అందుచేత అయిదో షరతు అమలుకు నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. జనవరి మొదటి ఆదివారం పూజ కాగానే ఎల్యాస్ కారు తియ్యాలి. డబ్బా నా ఒళ్లో పెట్టుకుంటాను.

2018 నవంబరు 20

(సంతకం) వర్దే సాసీన్

సాక్షులు: మిల్హిమ్ దాగెర్, రొట్టెల బట్టీ యజమాని
తన్నూస్ రిజ్క్, చర్చి గంట కొట్టేవాడు

కింద వేరే చేతిరాత:
ఫాదర్ గారు నాకూ చదివి వినిపించారు. శాలువా ఇప్పుడే పంపు. జనవరిలో ఆ ఊట దగ్గర చలి. – ఒలింప్