నడిమి ట్రే

మార్చి 3, సోమవారం

ఈ నెల పద్నాలుగో తారీఖులోపు ఆసుపత్రికి మేము ఒక జవాబు చెప్పాలి. నోరు తెరిస్తే నాకు మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను. పుట్టింట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇక్కడ అత్తయ్యకి అక్షరం రాదు. ఆయనకి చదవడం వచ్చు గాని ఇతరుల పుస్తకం ముట్టుకునే మనిషి కాదు. కాబట్టి భయం లేదు.

పోయిన బుధవారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఆరో నెల. గురువారం నొప్పులు రావడానికి మందిచ్చారు. శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోయింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే తెరిచి పరీక్ష చెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలట. పద్నాలుగు దాకా కోల్డ్ రూమ్‌లో ఉంచుతారట. మేము ఏ సంగతీ చెప్పకపోతే ఆసుపత్రివాళ్ళే తమ పద్ధతిలో ఖననం చేసేస్తారట. ఆయన వద్దన్నారు. పుట్టనిదానికి పరీక్షలేంటమ్మా అంది అత్తయ్య. నేను ఏమీ అనలేదు. క్లాసులో టీచరు ప్రశ్న పూర్తి చెయ్యకముందే చెయ్యెత్తేదాన్ని.

డాక్టరమ్మ ఫీటస్ అంటుంది. ఆయన కడుపు పోయింది అంటారు. అత్తయ్య అది అంటుంది. అమ్మ ఫోన్‌లో నెత్తుటిగుడ్డు అని ఏడ్చింది. నలుగురూ వేరువేరు నలుగురి గురించి మాట్లాడుతున్నట్టుంది. ఇందులో ఎవరి గురించి జవాబు చెప్పాలో నాకు తెలియడం లేదు.

మార్చి 4

పాలు పడ్డాయి. శరీరానికి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

మార్చి 5, మధ్యాహ్నం

ఆసుపత్రిలో నేనడిగిన మాట ఒకటుంది. అది రాయాలంటే ముందు నా పని గురించి రాయాలి.

హేచరీలో కోడిగుడ్లు పొదగడానికి మూడు వారాలు మెషిన్లో ఉంటాయి. పుట్టిన పిల్లల్ని పెట్టెల్లో సర్ది పంపేశాక పగలని గుడ్లు మిగులుతాయి. అవి నా బల్ల మీదికి వస్తాయి. ఒక్కొక్కటీ పగలగొట్టి, ఎంతవరకు పెరిగి ఆగిపోయిందో చూసి ట్రేల్లో పెడతాను. ఖాళీ, ముందు, నడిమి, ఆఖరి. రిపోర్టులో అయితే ఎర్లీ డెడ్, మిడ్ డెడ్, లేట్ డెడ్. నెత్తుటి గీత తప్ప ఏమీ లేకపోతే ముందు. ఈకలు మొదలై, పచ్చసొన ఇంకా బయటే ఉంటే నడిమి. ఒళ్ళంతా ఈకలొచ్చి ముక్కు పెంకుకి ఆనించి ఆగిపోతే ఆఖరి.

ఊరికే సర్దడం కాదు ఇది. ముందు ట్రే నిండితే గుడ్లు నిలవచేసిన గదివాళ్ళకి చివాట్లు. ఆఖరి ట్రే నిండితే మెషిన్ చూసేవాడికి. నడిమి ట్రే నిండితే హేచరీలో ఎవరికీ ఏమీ కాదు. తల్లికోడి మేతలో ఏదో తక్కువైందని లెక్క. కోళ్ళ ఫారానికి ఫోన్ చేసి తిడతారు.

జంతుశాస్త్రం చదివినందుకు వచ్చిన ఉద్యోగం ఇది. ఆర్డరు కాగితం నాన్న బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చూపించాడు. తలకిందులుగా పట్టుకుని చూపించాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

శుక్రవారం నర్సమ్మ గుడ్డలో చుట్టి తీసుకెళుతుంటే నేను డాక్టరమ్మని అడిగాను. మిడ్ డెడ్డా, లేట్ డెడ్డా మేడమ్ అని. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఈమెకి మత్తు దిగినట్టు లేదు, చూడండి అని నర్సమ్మకి చెప్పింది.

అర్థమైంది ఒక్కరికే. తలుపు దగ్గర నిలబడ్డ ఆయనకి. ఆయన మా హేచరీలోనే వ్యాన్ డ్రైవరు, పిల్లల పెట్టెలు ఫారాలకి చేరవేస్తారు. నా ట్రేల సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. నావైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయారు. కన్నబిడ్డ పోతే కోడిగుడ్డు లెక్క అడుగుతోందనుకున్నారో, నడిమి అంటే ఎవరి తప్పో గుర్తొచ్చిందో. ఆరో నెలంటే నడిమే కదా.

నేను చూడను కూడా లేదు. చూస్తావా తల్లీ అని నర్సమ్మ అడిగింది. అత్తయ్య నా కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టింది. వద్దని నేనూ అనలేదు, కావాలనీ అనలేదు.

మార్చి 6

అమ్మ వచ్చింది. వంటింట్లో అమ్మా అత్తయ్యా గొడవపడ్డారు. నాకు వినిపించకూడదని గొంతులు తగ్గించుకుని మరీ పడ్డారు. ప్రతి మాటా వినిపించింది.

నెత్తుటిగుడ్డుని అలా ఐసుగదిలో వదిలేసి ఎలా వచ్చారు వదినా అంది అమ్మ. నెత్తుటిగుడ్డంటే బయటికొచ్చి కేరుమనాలి వదినా, ఇదింకా పిండమే అంది అత్తయ్య. ఆరో నెలకి పిండమేంటి, కాళ్ళతో తన్నలేదా నా కూతుర్ని అంది అమ్మ. తన్నినవన్నీ పసికందులే అయితే నా ఇల్లు పట్టకపోయేది అంది అత్తయ్య. అమ్మ ఉప్పు డబ్బా ఎక్కడ అని అడిగింది. నీ ముక్కు ముందే ఉంది, పిల్లని అంత చదివించావు, నువ్వొక కళ్ళజోడు కొనుక్కోలేకపోయావా అంది అత్తయ్య. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ ముక్కు చీదుకోవడం వినిపించింది.

నాకేమీ అనిపించలేదు. పిండం, నెత్తుటిగుడ్డు, పసికందు. పరీక్షలో అడిగితే ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసి, కింద గీత గీసి, పూర్తి మార్కులు తెచ్చుకునేదాన్ని.

మార్చి 7

అమ్మ వెళ్ళిపోయింది. కాలేజీ పుస్తకం తీసి కూర్చున్నాను. ప్రతి జీవికీ పెరిగే కొద్దీ ఒక్కో పేరు. లార్వా, ప్యూపా. ఆవుకైతే లేగ, దూడ, పెయ్య. చెట్టుకి పూత, పిందె, కాయ. రాలిపోయిన పిందెకి మాత్రం కొత్త పేరు లేదు. రాలిన పిందె, అంతే. ఎక్కడ ఆగిపోతే అక్కడి పేరే మిగులుతుంది.

మధ్యాహ్నం బట్టలు తీసుకొచ్చి మడతపెట్టాను. అత్తయ్య వాటిని మళ్ళీ తీగ మీద ఆరేసింది. తడిగా ఉన్నాయట.

మార్చి 8

ఆయన ఇవాళ నాతో రెండు మాటలు మాట్లాడారు. రెండూ వ్యాన్ టైరు గురించి.

మార్చి 9, ఆదివారం

అత్తయ్య నా తల దువ్వుతూ చెప్పింది. ఆయన కంటే ముందు ఆవిడకి రెండు పోయాయట. ఒకటి మూడో నెలలో, ఒకటి నెలలు నిండాక. పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకు ఈ సంగతి తెలియదు. నెలలు నిండాక పోయినదాన్ని కూడా అది అనే అంది. బిడ్డ అనుకుంటే బిడ్డకి ఏడ్చినట్టే ఏడవాలి కదే, నాకప్పుడు అంత తీరిక ఎక్కడిది, వారం తిరక్కుండా పనిలోకి రమ్మన్నారు అంది. అంటూ చిక్కు దగ్గర దువ్వెన గట్టిగా లాగింది. నొప్పి తెలిసింది. ఈ మధ్య నాకు తెలిసింది అదొక్కటే.

ఏడవనా అని అడిగాను. అడిగి ఏడుస్తారా పిచ్చిదానా అంది.

మార్చి 10

చెకప్‌కి వెళ్ళాను. ఆ రోజు నేనడిగిందేమిటో డాక్టరమ్మకి విడమరిచి చెప్పాను. ట్రేల సంగతి, తల్లికోడి సంగతి. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మనుషుల్లో అలా లెక్క ఉండదమ్మా, ఏ నెలలో ఆగిందో చూసి ఎవరిదో తప్పని చెప్పడానికి లేదు అంది. బొడ్డుతాడు మెలికపడొచ్చు, మాయలో లోపం ఉండొచ్చు, తల్లి ఒంట్లో ఏదైనా ఉండొచ్చు, తెరిచి చూసినా చాలామందికి కారణమే దొరకదు అంది. అన్నీ విన్నాను. తల్లి ఒంట్లో అన్నదొక్కటే పట్టుకుని ఇంటికొచ్చాను.

మాటల గురించి కూడా అడిగాను. రెండో నెల దాకా ఎంబ్రియో, ఆ తర్వాత పుట్టేదాకా ఫీటస్, ఊపిరితో పుడితే శిశువు. ఊపిరి లేకుండా పుట్టినా, ఫలానా వారం దాటితే మృతశిశువు అని రాస్తారట. దాటకపోతే గర్భస్రావం అని రాస్తారట. మీకు నాలుగు రోజులు తక్కువైంది అంది. మెల్లగానే చెప్పింది. మంచి మనిషి.

ఆ శుక్రవారం కాకుండా తర్వాతి మంగళవారం అయివుంటే నాకు చనిపోయిన శిశువు పుట్టి ఉండేది. శుక్రవారం అయింది కాబట్టి ఏమీ పుట్టలేదు. ఈ వాక్యం రెండుసార్లు చదివాను. తప్పేమీ కనపడలేదు.

మార్చి 11

సెలవు ఉంది. అయినా హేచరీకి వెళ్ళాను. చెయ్యి పనిచేస్తుందో లేదో చూద్దామని.

పనిచేసింది. మాస్కు, గ్లవ్స్, దీపం, బల్ల. ఖాళీ, ఖాళీ, ముందు, ఆఖరి. మెషిన్ చూసే అతన్ని అందరూ థర్మామీటర్ అంటారు, పలకరిస్తే బాగున్నానని కాకుండా లోపల వేడి ఎంతుందో చెబుతాడు. ఆఖరి ట్రే నిండుతుంటే వచ్చి నా పక్కన నిలబడటం అతనికి అలవాటు. ఎప్పుడూ అనే మాటే ఇవాళా అన్నాడు. అక్కా, ఆ నాలుగూ నడిమి ట్రేలో పడెయ్యరాదా, కోడేమైనా వచ్చి అడుగుతుందా అని. కుదరదు తమ్ముడూ అని నేననడం, అతను నవ్వుకుంటూ పోవడం మామూలే.

ఇవాళ నేనేమీ అనలేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. లెంపలేసుకున్నాడు. నా నోరు పడిపోను అక్కా, తప్పైపోయింది అన్నాడు. ఫరవాలేదన్నాను. నిజంగానే ఫరవాలేదు. అతని మాట కాదు, కోడి గురించి ఆలోచిస్తున్నాను. ఇన్ని నడిమి ట్రేలు నింపాను గదా, ఒక్కసారీ ఆ కోడి గురించి అనుకోలేదు.

తర్వాతది పగలగొట్టాను. నడిమి. అరచేతిలో పెట్టుకున్నాను. ట్రేలో పెట్టబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే ఉన్నాననుకుంటా. థర్మామీటరే వచ్చి, నెమ్మదిగా నా చేతిలోంచి తీసుకుని, నన్ను గేటు దాకా దింపాడు.

మార్చి 12, ఉదయం

ఆసుపత్రి నర్సమ్మ ఫోన్ చేసింది. ఎల్లుండితో గడువు అయిపోతుందని. మీ పాప గురించి ఏమనుకున్నారు తల్లీ అని అడిగింది.

పాప. ఆడపిల్ల అన్నమాట. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంకా చెప్పింది. ఆయన రోజూ ఆసుపత్రికి వస్తున్నారట. వ్యాన్ బయట ఆపి, పది నిమిషాలు కోల్డ్ రూమ్ ముందు నిలబడి పోతున్నారట. మొదటి రోజే పాపని చూశారట. లోపల ఎన్ని డిగ్రీలు పెట్టారని అడిగారట. అంత చల్లగానా అన్నారట.

సోమవారం నర్సమ్మని పక్కకి పిలిచి ఒకటి అడిగారట. పరీక్షలో తల్లి వల్లే అని వస్తే ఆ ఒక్క మాట మార్చి రాస్తారా, మీ మెషిన్ తప్పనో నా రక్తంలో దోషమనో రాయండి, అలా అయితే ఇప్పుడే సంతకం పెడతాను అన్నారట. అలా రాయకూడదు నాయనా అందట ఆవిడ. అయితే తెరవొద్దండీ, మా ఆవిడ తట్టుకోలేదు, లోకంలో ఆ ట్రేల లెక్క తెలిసిన మనిషి అదొక్కతే అని వెళ్ళిపోయారట.

నా సర్వీసులో ఇలాంటి బేరం చూడలేదు తల్లీ అంది నర్సమ్మ. థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఫోన్‌ని చార్జింగ్‌కి పెట్టాను. నిండుగానే ఉంది.

మార్చి 12, సాయంత్రం

ఆయన వచ్చారు. అన్నం పెట్టాను. చెబుదామని ఎదురుగా కూర్చున్నాను. కూర బాగుందన్నారు. కూర వడ్డించడం మర్చిపోయాను.

మార్చి 13

ఆయన వ్యాన్ సీటు మీద పెట్టడానికి రాసింది:

ఏవండీ, మీరు నర్సమ్మని అడిగినవన్నీ ఆవిడ నాకు చెప్పింది. ఎవరూ ఏ మాటా మార్చి రాయక్కర్లేదు. నావల్లే అని తేలితే ఇద్దరం పక్కపక్కన కూర్చుని విందాం. ఏమీ తేలకపోతే అదీ విందాం. నేను సంతకం పెడతాను, మీరూ పెట్టాలి. ముందు నేను చూడాలి. ఎలా ఉందో మీరు చెప్పొద్దు. పరీక్ష అయ్యాక మన దగ్గరికి తెచ్చుకుందాం. రేపు పదింటికి ఆసుపత్రికి వెళుతున్నాను. నోటితో చెప్పలేకపోతే ఈ కాగితం వెనకే రాయండి. పాప అనలేకపోతే అనొద్దు, మీరు ఏ మాట రాసినా ఎవరి గురించో నాకు తెలుస్తుంది. వస్తారో రారో రేపు, పద్నాలుగో తారీఖు, పొద్దున తొమ్మిదిలోపు చెప్పండి.