బూడిద రంగు ఫోను

రాణక్కా, నా రాత వంకర, తప్పులు కూడ ఉంటయి, ఏమనుకోకు. ఫోన్ల అందరి ముందట చెప్పలేక కార్డు రాస్తున్న.

మీ మరిది మస్కట్ నుంచి పంపిన ఫోన్ల రంగులు లేవు, బొమ్మ ఆగి ఆగి వస్తది. "గీ బూడిద కోసమా వాడు గల్ఫు పోయింది?" అని మా అత్త నవ్వింది. కానీ దాని తెర కాయితం లెక్క ఉంటది. వాకిట్ల ఎండకు కూసుండి బీడీలు చేసుకుంట చూసినా మంచిగ కనవడ్తది. పాత ఫోను చూస్తే వచ్చే తలనొప్పి పోయింది. ఆయన నా కండ్ల కోసమే నలుగురిని అడిగి కొన్నడట.

మొన్న వీడియోల మాట్లాడుతుంటెనే చార్జింగ్ అయిపోయింది. గీ రకం తెర మీద ఆఖరి బొమ్మ చార్జింగ్ లేకున్నా పోదట, ఫోను బందైనా ఆయన ముఖం అట్లనే ఉండిపోయింది. బీడీల చాట పక్కన పెట్టుకొని పొద్దూకేదాక పని చేసిన. చార్జింగ్ పెట్ట బుద్ధి కాలే.

అందుకే, అది ఇచ్చి రంగుల ఫోను తెస్తనన్న బావకు వద్దని చెప్పు. మన శ్రీజ పెండ్లి చీర రంగు నాకు దానిల తెల్వది, సిరిసిల్ల నుంచి ఒక దారం పోగు పంపు. చిన్నోని జ్వరం తగ్గిందా? బావకు దండాలు.

పోస్టాయన ఎట్లాగూ చదువుతడు. నువ్వు మాత్రం చదివినంక పొయ్యిల వెయ్యి, బావ చూస్తే ఆయన ముందటికి రాలేను.

నీ చెల్లె సుస్మిత, కోరుట్ల