మన ఇంటి మీద బొట్టు

విజయవాడ,
ఆదివారం.

శ్రీవారికి పద్మశ్రీ నమస్కరించి రాసేది. ఇక్కడ అత్తయ్య, పిల్ల, నేను కులాసా. ఆ ఓడరేవు ఉప్పుగాలికి మీ దగ్గు తగ్గిందో లేదో నిజం రాయండి. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకండి. ఫోన్లో అయితే మీరు గొంతు పెంచుతారు, నేను ఏడుస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. పిల్ల బడికి బాగానే వెళ్తోంది, మబ్బు పట్టిన రోజు మాత్రం నా కొంగు వదలదు. అత్తయ్య మోకాళ్ల మందు వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే. గోడమీది వరద మరక మళ్లీ కనబడుతోంది. మీరు దగ్గరుండి రంగు వేయించారు కానీ, వానలు మొదలవగానే పైకి తేలింది. మేడ మీద మీరు వేద్దామన్న గది సంగతి చివర్లో రాస్తాను.

మొన్న కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. బుడమేరు వాగు పొంగినా ఊరు మునగకుండా ప్లాను వేస్తున్నారట, అందులో జనం మాట కూడా ఉండాలట. నేల మీద దుప్పటంత మ్యాపు పరిచి, పోయినసారి వరదలో బాగా మునిగిన ఇళ్ల మీద ఎర్ర చుక్కలు అంటించమన్నారు. చుక్కలు ఎక్కువ పడ్డచోట ఇళ్లు తీసేసి వాగుకు వదిలేస్తారు, మనకు వేరేచోట ఫ్లాట్లు ఇస్తారు. ఈ సంగతి తెలిసి పక్కింటి తిరుపతిరావు బాబాయిగారు ముందురోజే ఇంటింటికీ తిరిగారు.

"మన వీధిలో ఒక్క చుక్క పడకూడదమ్మా. ఎవరడిగినా మోకాలిలోతే అనండి" అన్నారు. అందరం సరేనన్నాం, నేనూ అన్నాను. ఎవరి ఇల్లు వాళ్లకి ప్రాణం కదండీ.

వెనక వీధులవాళ్లు ఇల్లు పోయినా సరే, ఇంక మునగలేమని చుక్కలు అంటించారు. మన వీధి ఒక్కటే పెళ్లికొడుకు చొక్కాలా తెల్లగా ఉంది. ఆఫీసరమ్మ ఎంత సంతోషించిందో!

"అయితే పల్లంలో ఉన్న అంగన్‌వాడీని ఈ వీధికి మార్చేద్దామండీ. వరదొస్తే ముసలివాళ్లని కూడా ఇక్కడికే తెద్దాం" అంది.

నాకు మామయ్యగారు కళ్లముందు మెదిలారు. ఆ వరదరోజు మమ్మల్ని ఎత్తుగా ఉన్న బాబాయిగారి డాబా ఎక్కించి, మెయిన్ స్విచ్ కట్టేసి వస్తానని మన ఇంట్లోకి వెళ్లిన మనిషి. నీళ్లు తీశాక ఆ తలుపు తెరవడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. అక్కడ పసిపిల్లల్ని కూర్చోబెడతారట.

చుక్కల డబ్బా బాబాయిగారి చేతిలో ఉంది, అడిగినా ఇవ్వరు. నా నుదుటి బొట్టుబిళ్ల తీసి మన ఇంటి మీద అంటించాను.

"మా ఇంట్లో తలుపు మునిగిందండీ. మా మామయ్యగారు పోయింది అక్కడే" అన్నాను.

ఇదండీ ఫోన్లో చెప్పలేకపోయిన మాట. మీరు ఎండనక వాననక క్రేన్ నడిపి కట్టిన ఇంటిని నా చేత్తో నేనే వాగుకిచ్చేశాను. మీరంత దూరాన ఉండగా నలుగురిలో బొట్టు తీశాను. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి వచ్చి అంటించారు. బాబాయిగారు ఇప్పుడు మన గుమ్మం వైపు చూడరు.

సభకు అత్తయ్య కూడా వచ్చారు, అంతా విన్నారు. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడ నాకు కుంకుమ భరిణ కూడా అందించరు, తన చెయ్యి మంచిది కాదంటారు. అలాంటిది, ఇంటికి రాగానే కొత్త బిళ్ల తీసి తనే నా నుదుట పెట్టారు.

"ఆయన ఎట్లా పోయాడో ఇన్నాళ్లకి నలుగురికీ చెప్పావే తల్లీ. మావాడేమన్నా అంటే నాతో చెప్పు" అని, గోడకు తల ఆనించి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

మేడ మీద గది వద్దండీ. ఇటుకలకు చెప్పకండి. వచ్చే వేసవికి ఖాళీ చేయాలంటున్నారు. మీరు తిడితే పడతాను, కానీ ఇల్లు ఉండగానే వచ్చి తిట్టండి. ఈసారి రంగు తేవద్దు. ఆ మరక కింద మీ నాన్నగారికి ఒక దీపం పెట్టి వెళ్దురుగాని.

ఇట్లు,
మీ మాట కోసం చూస్తూ,
మీ భార్య
పద్మశ్రీ