ఇద్దరికీ ఒకటే మందు

మన ఇంటి నుంచి,
గురువారం

పరమేష్ బావకు కోమల రాస్తున్నాను.

గొర్రెల మంద దగ్గర ఎండకూ మంచుకూ ఎట్లా ఉన్నావో. మంద నుంచి బియ్యం కోసం వచ్చిన గాలయ్య రేపు మళ్ళీ మీ దగ్గరికే వస్తానంటే ఈ కాగితం అతని చేతికి ఇస్తున్నాను. అయిదో తరగతి చదువుతో రాసిన రాత, తప్పులుంటే సర్దుకో. ఫోన్‌లో చెప్పలేను. ఇక్కడ అత్త పక్కనే కూర్చుంటుంది, అక్కడ నీ పక్కన మంద వాళ్ళుంటారు. ఎట్లున్నవని నువ్వు అడుగుతావు, మంచిగనే ఉన్న అని నేనంటాను. మూడు నెలల నుంచి ఇదే మాట. అది అబద్ధం బావా.

నాలుగో కీమో ఎక్కించుకుని పదిహేను రోజులైంది. మొదటి రెండుసార్లు వారం పడుకుంటే లేచేదాన్ని. ఇప్పుడు లేవలేకపోతున్నాను. నోరంతా పూసింది, మజ్జిగ కూడా మండుతుంది. చెంబు ఎత్తితే చేయి వణుకుతుంది. అన్నిటికంటే పాదాలు మొద్దుబారాయి. మొన్న దొడ్లో తుమ్మముల్లు దిగితే నాకు తెలియనే లేదు. వాకిట్లో రక్తం మరకలు చూసి అత్త కేక వేశాక చూసుకున్నాను. చూసి నడవరాదా అని కోప్పడింది. తెలియలేదని చెప్పలేదు.

తిరుమలగిరి నుంచి నాగరాణి అనే ఆమె మాతో పాటు పట్నం దవాఖానకు వస్తుంది. నాలాగే రొమ్ములో గడ్డ, అదే మందు, అదే రోజు. సెలైన్ తీసేయగానే లేచి కొంగు దులుపుకుంటుంది. బస్టాండులో మిర్చి బజ్జీలు తింటుంది. మరుసటి రోజే బడిలో పిల్లలకు వంట చేస్తుందట. ఇల్లు చేరేదాకా అత్త ఒకటే మాట: "గామెకు గదే మందు గదా. నీకే ఎందుకు గింత?"

సిస్టర్ ప్రతిసారీ కాగితం పట్టుకుని వాంతులున్నాయా, నోరు పూసిందా, తిమ్మిర్లున్నాయా అని అడుగుతుంది. అన్నిటికీ లేదనే చెప్పాను. సిగ్గు ఒకటి. ఇంకోటి చెబుతాను, నవ్వకు. కడుపులో పురుగులకు నట్టల మందు తాగించేటప్పుడు నువ్వు గొర్రెలన్నిటికీ ఒకటే మందు పోస్తావు. మందు పడక వెనకబడ్డదాన్ని వేరే కట్టేసి, మొదటి అంగడికే అమ్మడానికి తోలుతావు. బాధ చెబితే నన్నూ అట్లాగే వేరు చేసి పంపేస్తారనుకున్నాను.

ఇప్పుడు నా వల్ల కావడం లేదు. ఇంకా రెండున్నాయి. నేను పోను. నాలుగుతో అయిపోయిందని అత్తకు చెబుతాను. నీకు మాత్రం అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

కోమల

*

బుధవారం సాయంత్రం

బావా,

నీ మాట గాలయ్య మళ్ళీ ఊరికి వచ్చి చెప్పాడు. "బంద్ చేస్తె చెయ్యమను. గని గా మాట డాక్టరమ్మ ముంగట చెప్పి చెయ్యమను, దాసి చెయ్యొద్దు" అన్నావట. కోప్పడతావనుకున్నాను. నువ్వు కోప్పడకపోయేసరికి ఇవాళ దవాఖానకు పోక తప్పలేదు.

అత్త చీటీ వరసలో నిలబడింది. బెంచీ మీద నాగరాణి నా పుండ్లు పడిన పెదాల వంక అదేపనిగా చూసింది. ఈమె కూడా నన్ను తప్పెంచుతున్నదని తల వంచుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"నీకు మందు మంచిగ పట్టింది చెల్లె. నాకు ఒక్క వాంతి గూడ కాకపాయె. బువ్వ తింటున్న, పంటున్న. గడ్డ మీద మందు పని జేస్తలేదేమోనని దినాం గుబులు. ఎవలకన్న చెప్తె నవ్వుతరు. నీ బాధల సగం నాకుంటె జర ధైర్నంగ ఉందును."

నాలుగుసార్లు ఆమెను చూసి నేను కుంగిపోయాను. నన్ను చూసి ఆమె కుంగిందట. ఇద్దరం కలిసి లోపలికి పోదామా అక్కా అని అడిగాను.

డాక్టరమ్మ మొదట నాగరాణి కాగితాలు చూసింది. గడ్డ తగ్గుతూనే ఉందట. బాధ లేకపోతే మందు పని చేయనట్టు కాదని చెప్పింది. నాగరాణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరువాత నా వంతు. ఇక రానని చెప్పడానికి పోయినదాన్ని, ముల్లు సంగతి చెప్పాను. నోరు, చేయి, అన్నీ చెప్పాను. అప్పటికి అత్త కూడా వచ్చి వెనక నిలబడింది, అయినా ఆపలేదు. డాక్టరమ్మ నా పాత కాగితాలు తీసి, లేదు లేదు అని ఉన్న వరసల మీద వేలు పెట్టి చూపించింది.

"తిమ్మిర్లు మొదలైనప్పుడే చెప్తే మోతాదు మార్చేదాన్ని కదమ్మా. మందు ఒకటే, ఒళ్ళు ఒకటి కాదు."

ఈసారి ఎక్కించలేదు. నోటికీ కాళ్ళకూ మందులిచ్చింది. వచ్చే బుధవారం తగ్గించి ఎక్కిస్తారు. మిగిలిన రెండూ పూర్తి చేస్తాను. పాదాలకు స్పర్శ రావడానికి నెలలు పడుతుందట, మొత్తం రాకపోవచ్చు కూడా.

బస్సు ఇబ్రహీంపట్నం దాటాక అత్త నా వైపు తిరిగింది. "నాకన్న చెప్పకపోతివి" అంది. ఎట్లా చెప్పేది అని అడగాలనిపించింది, అడిగే ఓపిక లేదు. ఆమె భుజం మీద తల పెట్టాను. ఊరొచ్చేదాకా ఆమె కదలలేదు.

పెళ్ళైన మూడేళ్ళలో నిన్నేమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చే బుధవారం మందను గాలయ్యకు అప్పగించి నువ్వు రా. దవాఖాన మెట్లు దిగుతుంటే కింద మెట్టు ఉందో లేదో నా కాలికి తెలియడం లేదు. అత్తకు మోకాళ్ళ నొప్పులు. నువ్వు నా చేయి పట్టుకోవాలి. అంతమందిలో నాకు సిగ్గేస్తుంది. అయినా పట్టుకో.

నీ కోమల